అమ్మ పలకని పేరు

పదీ ఐదు. డాక్టరమ్మ పదకొండుకి వస్తానంది, లాయరు ఆవిడ కారులోనే వస్తాడు, రాజారావు అంకుల్ క్రాంజీ స్టేషన్లో దిగి ఫోన్ చేస్తానన్నాడు, ఇంకా చెయ్యలేదు. అంటే ఇంకో యాభై ఐదు నిమిషాలు అమ్మ ఇలాగే ఉండాలి, ఇప్పుడున్నట్టే, చక్రాల కుర్చీలో నిటారుగా, కళ్ళు తేటగా, నేను వేసిన జడ నేను వేసినట్టే. పొయ్యి మీద పాలు పెట్టి పొంగకుండా కాపలా కాసినట్టు అమ్మ ముఖాన్ని కాపలా కాస్తున్నాను. పొద్దుటి పూట అమ్మ అమ్మే. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎటో వెళ్ళడం మొదలుపెడుతుంది, సాయంత్రానికి తను పుట్టిన జొహోర్ రబ్బరు తోటలో ఉంటుంది, వాళ్ళమ్మని కేకేస్తుంది, నన్ను నర్సు అనుకుని మలయ్‌లో మంచినీళ్ళు అడుగుతుంది. అందుకే లాయరుతో పోట్లాడి పదకొండు ఖాయం చేశాను. మూడింటికి వస్తానన్నాడు మహానుభావుడు, అప్పుడే ఖాళీ అట. మూడింటికి వేలిముద్ర వెయ్యాల్సిన మనిషి అక్కడ ఉండదండీ అని చెప్పాల్సొచ్చింది, కన్నతల్లి గురించి ఆ మాట అంత తేలిగ్గా నా నోటెంట ఎలా వచ్చిందో తెలీదు.

ఈ వృద్ధాశ్రమం హాలు నిండా కుర్చీలు, కుర్చీల నిండా ముసలివాళ్ళు, గోడకి టీవీ, టీవీలో చైనా సీరియల్, దానికి మాట లేదు. ఒకావిడ పొద్దుట నుంచీ చేతిరుమాలు మడత పెట్టి విప్పి మళ్ళీ మడత పెడుతోంది. బర్మా అమ్మాయి ఒకతె అందరి మూతులూ ఒకే ఓపికతో తుడుస్తోంది, అంత ఓపిక నాకు ఒక్క మూతి విషయంలోనే లేకపోయింది. కిటికీ అవతల ఎవరివో పూలతోటల నల్ల వలలు, ఆ పక్క రోడ్డు మీద కూలీలని ఎక్కించుకున్న లారీలు, అప్పుడప్పుడు వాటిలోంచి మన తెలుగే వినిపిస్తుంది, ఏరా అని ఎవరో ఎవర్నో పిలిచి నవ్వుతారు, లారీ వెళ్ళిపోతుంది. అమ్మని ఇక్కడ చేర్చి పద్దెనిమిది రోజులు. తుంటి ఎముక అతుక్కునేదాకానే అని చెప్పాను. తుంటి అతుక్కోవడానికి ఎన్నాళ్ళు పడుతుందని అమ్మ అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో నేను అనుకుని పెట్టుకున్న అబద్ధం ఇంకా నా దగ్గరే ఉంది.

కాగితం రెండు పేజీలే. సెంబవాంగ్ రోడ్డు పక్క సందులో ఉన్న ఇల్లు, పైడి చెన్నమ్మ అనే నేను, నా కూతురు తారాదేవికి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా దానంగా ఇస్తున్నాను, అంతే. ఇల్లు అమ్మ పేరు మీద ఉన్నంతకాలం ఇక్కడి నెల నెలా ఖర్చుకి ఆ ఇల్లు జవాబు చెప్పాలి. ఈలోపు అమ్మ మతి పూర్తిగా పోయిందంటే ఇక ఎవరూ సంతకం పెట్టలేరు, కోర్టు ఒక మనిషిని నియమిస్తుంది, ఆ మనిషి అమ్మ మంచి ఒక్కటే చూడాలి, అమ్మ మంచి అంటే ఇల్లు అమ్మేసి అమ్మని మంచి మంచం మీద పడుకోబెట్టడం. లాయరు ఇది విడమరిచి చెప్పినప్పుడు మా ఆయన రంగనాథ్ తల పట్టుకున్నాడు, నాకైతే నవ్వొచ్చింది. అమ్మ మంచి కోరే మనిషి చేతిలో పడకుండా అమ్మ ఇంటిని కాపాడడానికి నేను డబ్బిచ్చి లాయర్ని పెట్టుకున్నానన్న మాట. ఇదేం బతుకు అని ఆ రాత్రే అనుకున్నాను, తెల్లారి లేచి లాయరు అడిగిన కాగితాలన్నీ జిరాక్సు తీయించాను.

దీనికి ఒక డాక్టరు కూడా సరేననాలి, ఈమెకి తను చేసే పని తెలుస్తోంది అని రాసివ్వాలి. పోయిన బుధవారం వచ్చింది డాక్టరమ్మ, చైనీస్ ఆవిడ, చిన్న వయసు, మెత్తని గొంతు. నీ పేరేంటి, వయసెంత, ఇది ఏ ఊరు, పిల్లలెంతమంది, ఈ ఇల్లు ఎవరిది. అమ్మ అన్నీ చెప్పింది, తారీఖు ఒక్కటి తప్పింది, తారీఖు నాకూ తప్పుతుంది. తర్వాత మీ భర్త పేరేంటి అనడిగింది. అమ్మ తల దించుకుంది. పైట భుజం మీదికి లాక్కుంది. చిన్నగా నవ్వి నా వైపు చూసింది, నువ్వు చెప్పవే అన్నట్టు. నేను నోరు తెరిచేలోపు డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, మీరు చెప్పకూడదు. మళ్ళీ అడిగింది. అమ్మ మళ్ళీ నవ్వింది. మూడోసారి అడిగాక డాక్టరమ్మ జాలిగా తలాడించి కాగితం మీద రాసుకుంది, తలకిందులుగా ఉన్నా నేను చదివాను, భర్త పేరు గుర్తు లేదు అని.

గుర్తు లేకపోవడమా. వరండాలోకి వెంటబడి వెళ్ళి చెప్పాను, అది మతిమరుపు కాదండీ, మా వాళ్ళలో పెద్దవాళ్ళు మొగుడి పేరు పలకరు, మా నాన్న పోయి ఏడేళ్ళయినా పలకదు, అది మర్యాద. ఆవిడ ఓపిగ్గా విన్నది. వినీ, మీ మాట నేను నమ్ముతాను, కానీ ఆ ఇల్లు వచ్చేది మీకే కదా, మీరు చెప్పింది నేను రాయలేను, ఇంకొక్కసారి వస్తాను, బయటివాళ్ళనెవరినైనా మాట తర్జుమా చెయ్యడానికి పెట్టుకోండి, ఈసారి ఆమె నోటితోనే రావాలి అంది. న్యాయంగానే అంది. ఈ మొత్తం వ్యవహారంలో న్యాయంగా మాట్లాడింది ఆవిడొక్కతే, అందుకే ఆవిడ మీద నాకంత మంట.

ఆమె నోటితోనే రావాలట. అసలు ఆ పేరు పలకడానికే నన్ను కన్నట్టుంది అమ్మ. నాకు ఐదారేళ్ళప్పటి నుంచీ ఎక్కడికి వెళ్ళినా నన్ను చంకనేసుకునో చెయ్యి పట్టుకునో తీసుకెళ్ళేది, నాన్న పనిచేసే నావల్ బేస్ ఆసుపత్రికి, రేషన్ ఆఫీసుకి, ఐడెంటిటీ కార్డు దగ్గరికి. గుమాస్తా మొగుడి పేరడిగేవాడు, అమ్మ నా వీపు మీద చిన్నగా పొడిచేది, నేను పైడి అప్పయ్య అని గట్టిగా చెప్పేదాన్ని, గుమాస్తా నవ్వి రాసుకునేవాడు. బడిలో పద్యాలకి భయపడ్డాను గానీ ఆ పేరు చెప్పడానికి ఎప్పుడూ భయపడలేదు. ఇంట్లో ఆయన మీ నాన్న, ఇరుగుపొరుగు దగ్గర మా ఇంటాయన, కోపమొస్తే ఆ మారాజు. ఆఖరికి అప్పడాన్ని కూడా అప్పడం అనేది కాదు, నూనెలో ఏసేది అనేది, సెరంగూన్ రోడ్డు కొట్లో తమిళతను నవ్వేవాడు. మేము కావాలని ఏడిపించేవాళ్ళం, నాన్న కూడా మాతో కలిసేవాడు, చెన్నమ్మా ఇయ్యేటి అంటూ అప్పడం పైకెత్తి చూపించేవాడు, అమ్మ గరిట పట్టుకుని వెంటబడేది. నేను రంగనాథ్‌ని పేరు పెట్టి పిలిచిన మొదటి రోజు అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయి చాలాసేపటిదాకా బయటికి రాలేదు.

పదీ ఇరవై. అమ్మ కిటికీలోంచి లారీలని చూస్తోంది. ఫోన్లో మెసేజ్, అంకుల్ కాదు, మా శ్రీజ, పదహారేళ్ళ మేధావి, అమ్మమ్మ ఓకే ఆ, డోంట్ ఫోర్స్ హర్ లా, అని. ఫోర్స్ అట. పిల్లల దగ్గర మాటలన్నీ సిద్ధంగా ఉంటాయి. తెల్లారుజామున నాలుగింటికి అమ్మమ్మ నైటీలో సెంబవాంగ్ రోడ్డు మధ్యకి వెళ్ళి నిలబడితే, బస్సు డ్రైవరు దిగి చెయ్యి పట్టి తీసుకొస్తే, ఆవేళ ఈ మేధావి నిద్రలో ఉంది. గ్యాసు తెరిచి వదిలేసినప్పుడు బడిలో ఉంది. ఇద్దరు పనమ్మాయిలు మారారు, రెండో అమ్మాయి ఏడుస్తూ వెళ్ళింది, అమ్మ కొరికింది. తర్వాత పడింది, తుంటి విరిగింది, ఎత్తి దించి నా నడుం పోయింది. ఉద్యోగం మానెయ్యమంది మా ఆడపడుచు ఫోన్లో, గుంటూరు నుంచి, ఎంత తేలిక. నేను యీషున్‌లో ఒక బడి ఆఫీసులో గుమాస్తాని, అదేమంత ఉద్యోగమని రంగనాథ్ ఒకప్పుడు నవ్వేవాడు, ఇప్పుడు రెండు నెలలుగా ఇంట్లోకి వచ్చే జీతం అదొక్కటే.

రంగనాథ్ సైన్స్ పార్క్‌లో పనిచేస్తాడు. వాళ్ళ కంపెనీ ఏం అమ్ముతుందో నాకు ఎన్నిసార్లు చెప్పినా తెలీలేదు, ఇప్పుడు తెలుస్తోంది, ఏమీ అమ్మలేదు. పోయినేడాది మాత్రం ఆకాశంలో ఉన్నాం. ఇరవై ఏళ్ళు బ్యాంకు కంప్యూటర్ల దగ్గర బుద్ధిగా పనిచేసిన మనిషి, నలభై ఎనిమిదేళ్ళకి రంగు చొక్కా వేసుకుని కుర్రాళ్ళతో చేరాడు, జీతం రెట్టింపు, పైన షేర్లు, ఆఫీసులో ఆడుకోవడానికి బల్ల, శుక్రవారం పిజ్జా. ఇంటికి పై అంతస్తు వేద్దామన్నాడు. అమ్మ, నేను బతికుండగా గోడ ముట్టుకోకండి అంది. ఇప్పుడు సబ్సిడీ ఉన్న చోట అమ్మని పెట్టమని వెళ్తే వాళ్ళు చూసింది ఆ పోయినేడాది జీతమే. ఇంత సంపాదించేవాళ్ళకి సాయం దేనికండీ అన్నారు, మర్యాదగా. రెండు నెలలుగా జీతాలు ఇవ్వడం లేదనీ, కంపెనీ రేపో మాపో మూసేస్తారనీ చెబితే, మూశాక రండి అన్నారు. అమ్మ అప్పటిదాకా ఆగదు కదా, అందుకని ఇక్కడ, పూర్తి ఖర్చు మీద.

ఆస్తి కాపాడుకోవడం గురించి మొదట విన్నది రంగనాథే, ఏదో హోటల్లో ఉచిత ఉపన్యాసం, భోజనం కూడా పెట్టారట. టై కట్టుకున్నతను తెర మీద ఒక ఇంటి బొమ్మ వేసి, దాని చుట్టూ గీత గీసి, మీ తల్లిదండ్రుల జబ్బు ఈ గీత దాటకూడదు అన్నాట్ట. రంగనాథ్ ఇంటికొచ్చి అదే గీత మా డైనింగ్ టేబుల్ మీద వేలితో గీసి చూపించాడు, అమ్మ ఆ టేబుల్ దగ్గరే కూర్చుని పెరుగన్నం తింటోంది. నేను ఊరుకోమని సైగ చేశాను. కానీ గీత నా బుర్రలో ఉండిపోయింది. గీతకి ఇటు ఇల్లు, మేము, శ్రీజ చదువు. అటు అమ్మ. నేనేం చెడ్డదాన్ని కాదు అని రోజుకి పదిసార్లు చెప్పుకుంటాను, నిజంగా చెడ్డదాన్ని కాకపోతే ఇన్నిసార్లు ఎందుకు చెప్పుకోవడం.

ఆ ఇల్లు నాన్న కొన్నది డెబ్భై ఒకటిలో. తెల్లవాళ్ళు నావల్ బేస్ వదిలి వెళ్ళిపోతూ, పాతికేళ్ళు ఓడలకి రంగులు వేసిన మనిషి చేతిలో ఇంత డబ్బు పెట్టి పొమ్మన్నారు. అందరూ శ్రీకాకుళం టిక్కెట్లు కొనుక్కున్నారు, నాన్న వరసగా కట్టిన పెంకుటిళ్ళలో చివరిది కొన్నాడు. చేరిన రోజు అమ్మ చెప్పులు బయట విడిచి, గది గదికీ వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది, ఇదీ మనదేనా, ఇదీ మనదేనా అంటూ. క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన నాకు ఆ సంబరం అర్థం కాలేదు. జులైలో, అంటే నాలుగు నెలల క్రితం, అమ్మ బాగానే ఉన్న పూట నేనే కదిపాను, ఇల్లు నా పేర పెట్టమ్మా అని. నీది కాకపోతే ఎవులిదే, కాయితం ఏటి మజ్జిన, అంది. అప్పుడే చేయించాల్సింది. రంగనాథ్ షేర్లు అమ్ముడవుతాయనీ, అవసరం పడదనీ ఆగాం. అమ్మకి ఇవ్వడం ఇష్టమే, అది నిజం, నేను దొంగిలించడం లేదు. అమ్మకి ఇష్టం లేనిది ఇక్కడ ఉండడం ఒక్కటే.

పదిన్నర. బర్మా అమ్మాయి మైలో తెచ్చింది, అమ్మ ఒక్క చుక్క ఒలక్కుండా తాగింది, కప్పు తిరిగిచ్చి మలయ్‌లో తెరిమకాసి అని థాంక్స్ చెప్పింది. మంచి రోజే. ఇవాళ అమ్మ ముఖంలో ఏదో సంతోషం కూడా ఉంది. నేను ఈ పూట ఆ ప్రశ్న అడగలేదు, అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, అడగలేదు.

ఎందుకంటే ఆదివారం జరిగింది నేను మర్చిపోలేను. అదీ ఇలాంటి పొద్దుటి పూటే. ఒక్కసారి చెప్పమ్మా, ఆవిడ ముందు ఒక్కసారి, ఆవిడకి తెలుగు కూడా రాదు, ఎవరికీ తెలీదు అని బతిమాలాను. నానొల్లనే అంది. ఎందుకొల్లవు, నాన్న లేడు కదా, ఆయుష్షు తరిగేదేముంది అన్నాను. అమ్మ నా వైపు చూసి, పోయినోడు ఆడ నడిసి పోతంటాడే, పేరెట్టి పిలిత్తే ఆగిపోతాడు, ఆపమంతావేటి, అంది. అప్పుడు నేను అన్నాను. నా గొంతు ఇప్పటికీ వినిపిస్తోంది, షాపులో బేరమాడే గొంతు. పేరు చెప్తే ఇంటికి తీసుకెళ్తానమ్మా, అన్నాను. తీసుకెళ్ళను, నాకు తెలుసు, అయినా అన్నాను. అమ్మకి అంతా తెలిసినట్టే ఉంది, అబద్ధమనీ, ఎందుకు ఆడుతున్నాననీ.

“అయితే ఈడే ఉంతాను లే,” అంది, అని ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

ఆ మాటకి బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చాను. అక్కడితో మానేస్తే మనిషినే. మానలేదు. సోమవారం బడి నుంచి నేరుగా సాయంత్రం వచ్చాను, ఆరింటికి, అమ్మ జొహోర్‌లో ఉండే వేళకి. పక్కన కూర్చుని, నీ మొగుడి పేరు అప్పయ్య, చెప్పు, అన్నాను. అప్పయ్య, అంది, చిన్నపిల్ల అ ఆలు చెప్పినట్టు. పొద్దుటి మనిషికి ప్రాణం పోయినా రాని మాట సాయంత్రం మనిషికి ఏ పేచీ లేకుండా వచ్చేసింది. ఇరవైసార్లు చెప్పించాను. ఇల్లు ఎవరికిస్తావు, తారాదేవికి. అదీ ఇరవైసార్లు. నిన్న మళ్ళీ వచ్చాను, మళ్ళీ. చెప్పినప్పుడల్లా బిస్కట్టు ముక్క పెట్టాను. నాలుకకి అలవాటైతే పొద్దుట కూడా దానంతటదే వస్తుంది అనుకున్నాను, అంతకు మించి ఆలోచించలేదు. వచ్చేస్తోంది అని ఇంటికెళ్ళి రంగనాథ్‌కి చెబితే, వెరీ గుడ్ అన్నాడు, శ్రీజ కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

అంకుల్ ఫోన్ చెయ్యకుండానే వచ్చేశాడు, గొడుగు దులుపుకుంటూ. రాజారావు అంకుల్ నాన్నతో పాటు బేస్‌లో స్టోర్స్‌లో పనిచేసినవాడు, డెబ్భై దాటాయి, గుళ్ళో లెక్కలు చూస్తాడు, ఎవరి ఇంట్లో పెళ్ళయినా చావయినా తెలుగూ ఇంగ్లీషూ రెండూ కావాలంటే ఆయనే. నాన్నకి తమ్ముడి వరస. ఎదురుగా కుర్చీ లాక్కుని, ఏం వదినా, గుర్తున్నానా, అన్నాడు. అమ్మ నిండుగా నవ్వింది. రండి బాబూ, అంది, కూకోండి, మకాన్ అయిందా, తిన్నారా. బాబూ అంది. రాజారావు అంకుల్ని అమ్మ నలభై ఏళ్ళుగా ఏరా రాజా అనే పిలిచింది. అంకుల్ నా వైపు చూసి, అయింది వదినా అన్నాడు. నేను గడియారం వైపు చూశాను, పదకొండు కావడానికి పది నిమిషాలు, ఇంకా పొద్దుటే, మంచి వేళే. పెద్దాయన కదా, గౌరవించింది అని చెప్పుకున్నాను.

వాళ్ళు సమయానికే వచ్చారు. మూలనున్న చిన్న గదిలోకి అమ్మ కుర్చీ తోసుకెళ్ళాం, తలుపు వేశారు. నన్ను వెనక గోడ దగ్గర కూర్చోమన్నారు, అమ్మకి కనబడకుండా. లాయరు కాగితం బల్ల మీద పరిచి సిరా బిళ్ళ మూత తీసి పక్కన పెట్టాడు. డాక్టరమ్మ అడగడం, అంకుల్ తెలుగులో అడగడం, అమ్మ చెప్పడం, అంకుల్ ఇంగ్లీషులో చెప్పడం. పేరు చెన్నమ్మ. పిల్లలు ఒక్కతే. ఇల్లు సెంబవాంగ్ రోడ్డు కాడ. ఇల్లు ఎవులిది, నాది. ఈ కాగితం దేనికి, ఇల్లు ఇచ్చీడానికి. ఎవరికి, తారాదేవికి. అన్నీ టకటకా వస్తున్నాయి, డాక్టరమ్మ తలూపుతూ రాసుకుంటోంది, లాయరు నా వైపు చూసి కొంచెం నవ్వాడు. నేను మాత్రం అమ్మ మెడ వెనక భాగం చూస్తున్నాను. ప్రతి జవాబు తర్వాత అమ్మ కుడి చెయ్యి కొంచెం ముందుకి వస్తోంది, అరచెయ్యి పైకి పెట్టి, ఒక్క క్షణం ఆగి వెనక్కి పోతోంది. బిస్కట్టు కోసం.

డాక్టరమ్మ ఆ ప్రశ్న అడిగింది. అంకుల్ గొడుగు పిడి చేతిలోకి తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు, అడగకూడనిది అడుగుతున్నందుకు ఆయనకే సిగ్గుగా ఉంది. తల కొంచెం వంచి, మీ ఇంటాయన పేరు చెప్పాలంట వదినా, అన్నాడు. వద్దు అనుకున్నాను నేను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, వారం రోజులుగా నేను కోరుకున్నదానికి పూర్తిగా ఎదురు. తల దించుకో అమ్మా, పైట లాక్కో, నవ్వు, ఇల్లు పోతే పోయింది.

“అప్పయ్య,” అంది అమ్మ. తల ఎత్తే ఉంది, పైట ఎక్కడిదక్కడే ఉంది, గొంతులో తడబాటు లేదు. “పైడి అప్పయ్య.”

చెయ్యి ముందుకి చాపింది.

అంకుల్ చేతిలో గొడుగు పిడి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సరైనదేనా అని అడిగింది డాక్టరమ్మ. ఆయన అమ్మ తల మీదుగా నా వైపు చూశాడు. మాకిద్దరికీ తెలుసు. ఈ గదిలో మాకిద్దరికే తెలుసు. పోయిన బుధవారం గుర్తు లేదు అని రాసిన రోజున అమ్మ పూర్తిగా ఉంది, ఇవాళ డాక్టరమ్మ అన్నిటికీ టిక్కు పెడుతుంటే కుర్చీలో అమ్మ లేదు. పదకొండుంబావుకే సాయంత్రం అయిపోయింది. నేను లేచి ఒక్క మాట అనాలి, అంటే డాక్టరమ్మ పెన్ను ఆపుతుంది, లాయరు సిరా బిళ్ళ మూసేస్తాడు, ఇల్లు కోర్టువాళ్ళ మనిషి చేతికి వెళ్తుంది, శ్రీజ చదువు, రంగనాథ్ ముఖం. నేను లేవలేదు. అంకుల్ ఇంకా చూస్తున్నాడు. నేను కళ్ళు దించుకున్నాను. సరైనదే, అన్నాడాయన ఇంగ్లీషులో, చాలా మెల్లగా, అది అబద్ధం కూడా కాదు.

తర్వాత పనంతా త్వరగా అయింది. లాయరు అమ్మ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు, రెండు చోట్ల. అమ్మ ఆ నల్లటి వేలు చూసుకుని ముచ్చట పడింది. డాక్టరమ్మ సంతకం పెట్టి, పోయినసారి కంటే చాలా నయం, మీకు సంతోషంగా ఉండాలి అని నా భుజం తట్టింది. అంకుల్ వదినా వస్తాను అని కూడా అనలేదు, గొడుగు తీసుకుని వాళ్ళ వెనకే వెళ్ళిపోయాడు. గదిలో మేమిద్దరం మిగిలాం. తడి గుడ్డతో అమ్మ వేలు తుడుస్తున్నాను, సిరా గీతల్లోకి దిగింది, రావడం లేదు. అమ్మ నన్నే చూస్తోంది, బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఆడపిల్లని పెద్దవాళ్ళు చూసినట్టు, దయగా.

“మంచి పిల్లవి. ఎవులమ్మాయివమ్మా? మీ నాన్న పేరేటి?”

చెప్పాను. చిన్నప్పుడు గుమాస్తాల ముందు చెప్పినట్టే, ఇంటిపేరుతో సహా, గట్టిగా చెప్పాను. అమ్మ నుదురు ముడిచి కాసేపు ఆలోచించింది.

“తెలీదమ్మా,” అంది. “మా బేస్‌లోవోళ్ళు కాదు.”

కిటికీలోంచి లాయరు డాక్టరమ్మ కారు డోరు తీస్తూ కనబడుతున్నాడు, పేరు పెట్టి పిలిస్తే వినబడేంత దూరమే. నేను అమ్మ వేలు తుడుస్తూ కూర్చున్నాను.